కూజా యడుగున వ్రాసిన పేరు



చేతికి గాజు లేని యాడుది మన యిండ్లలో నుండదు. అయినను గాజనిన మనకు గౌరవము తక్కువ. బంగారమును పెట్టెలో దాచుదుము, గాజును గూటిలో నుంచుదుము. మా తాతగారు బాల్యమున నాకు నీతిశ్లోకములు చెప్పునపుడు కాచమునకును మణికిని గల భేదమును జూపి, దుర్జనునకును సజ్జనునకును గల భేదమును వివరించుచుండెడివారు. నేను బడికి బోయి చదివినదానను గాను. తాతగారి యరుగుమీద గూర్చుండి అమరమును, రెండు మూడు ప్రబంధములను, భారతములో గొన్ని పర్వములను జదువుకొన్నదే నా విద్య. అట్టి నేను ముప్పదియైదేండ్లు వచ్చిన పిదప ఆ కాచమునే వెదకికొనుచు పరదేశపు సంతలలో దిరుగుదునని తాతగారు గాని నేను గాని యెన్నడును దలపలేదు.

మావారు గణితోపాధ్యాయులు. పెండ్లియైన మరుసటి యేట మేము హైదరాబాదునకు బోయినపుడు నాకు సాలార్జంగు మ్యూజియమును జూపిరి. అచటికి వచ్చినవారందరును మేలిముసుగు రెబెకా విగ్రహము కడకును, గంటలు గొట్టు గడియారము కడకును బోవుచుండిరి. నేను గాజుసామానుల గదిలో నిలిచిపోతిని. బొహీమియా యను పేరు నేను మొదట చదివినది ఆ గదిలోని చీటిమీదనే. అది యేదేశమో, ఎంత దూరమో నాకప్పుడు తెలియదు. మావారు రెండుమారులు పిలిచినను నేను కదలలేదని యిప్పటికిని జెప్పి నవ్వుదురు.

ఆరేండ్ల క్రిందట మావారికి ప్రాగు నగరమందలి యొక పాఠశాలలో నుద్యోగమైనది. బొహీమియా యనగా నేటి చెక్ దేశపు పడమటి భాగమే. ప్రాగు దానికి దొల్లింటి నుండియు ముఖ్యపట్టణము. మా యమ్మాయి యప్పటికి నాలుగేండ్లది. దానిని బడికి బంపినపిదప నాకు ప్రొద్దు పోయెడిది కాదు. భాష రాదు, చుట్టములు లేరు. ఒక యాదివారమునాడు ముగ్గురమును ఊరివెలుపలి పాతసామానుల సంతకు బోయితిమి. అందొక ముసలామె తన బల్లమీద త్రుప్పుపట్టిన తాళముల నడుమ జానెడెత్తు పూలకూజా నొకదానిని బెట్టుకొని కూర్చుండెను. దానిని చూచి నేను మరల హైదరాబాదులో నిలిచినట్లే నిలిచితిని.

దాని రంగేమని చెప్పుదును? ఎదుట నిలిచి చూచిన నాకుపచ్చ. ఒక యడుగు ప్రక్కకు జరిగిన నీలము. చేతబట్టి త్రిప్పిన నడుమ బంగారపు చాయ యొకటి మెరసి, క్రిందికి జారి, ఊదాయై యణగిపోయెను. నెమలిమెడను, పావురపు మెడను కవులు వర్ణించుటను నేను చదివితిని గాని, ఆ రంగులు గాజున నిలుచునని యెఱుగను. ఆ కూజాను నాలుగువందల కొరునాలకు కొంటిని. కొరునా యనునది యీదేశపు నాణెము. నా సేకరణకు మొదటి వస్తువదియే.

ఇంటికి వచ్చినపిదప మావారిని, ఈ రంగు ఎక్కడనుండి వచ్చినదని యడిగితిని. ఆయన గిన్నెలో సబ్బునీరు కలిపి, మా యమ్మాయిచేత బుడగ నూదించి చూపిరి. గాజునకు లోపలనున్న రంగు వేరు, పైని మెరయు నీ రంగు వేరు. కొలిమినుండి తీసిన గాజింకను వేడిగా నుండగనే తగరపు లవణమును దానిపై ఆవిరిగా జల్లుదురు. అది మిక్కిలి పలుచని పొరయై గాజున కంటుకొనును. పొర పైతలమునుండి తిరిగివచ్చు వెలుగును, అడుగునుండి తిరిగివచ్చు వెలుగును కలిసినపుడు కొన్ని రంగులు బలపడును, కొన్ని యణగిపోవును. చూచువారు కదలినకొలది రంగు మారుటకు కారణమిదియే. సబ్బుబుడగకును, వాననీటిపై దేలిన నూనెకును నిదియే న్యాయము. శతాబ్దములు మన్నులో బూడియుండి బయటపడిన రోమకుల గాజుపాత్రలకును ఇట్టి మెరుపే పట్టియుండును. అది మట్టియును తడియును గాజు పైపొరను తినివేయుటచే గలిగినది. భూమి వేయేండ్లలో జేసిన పనిని మనుజులు కొలిమికడ నిమిషములలో జేయ నేర్చిరి. 1873లో వియన్నా నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమున నిట్టి గాజును జూచి జను లబ్బురపడిరి. పిమ్మట అమెరికాలో టిఫనీయును, బొహీమియాలో పలు కర్మాగారములవారును దీనిని గొప్పకళగా బెంచిరి.

బొహీమియా కర్మాగారములలో నెల్లరు నోట విన్న పేరు లోట్స్. ఆ యింటివారు 1900లో పారిస్ ప్రదర్శనమున ఫెనోమెన్ అను తమ గాజునకు మహాబహుమానము నందిరి. కరిగిన గాజుముద్దకు వేరొక రంగు గాజును దారమువలె చుట్టి, అది మెత్తగా నుండగనే కొక్కెముతో పైకిని క్రిందికిని లాగుదురు. ముగ్గుపిండి గీతపై వ్రేలు ద్రిప్పినట్లు దారము లలలుగా సాగును. ఆపై మెరుపుపొర. ఆ కూజాలను జూచినచో, నిలిచిన వస్తువును జూచుచున్నట్లు గాక పారుచున్న నీటిని జూచుచున్నట్లుండును. లోట్స్ వస్తువుల వెలయు నట్టిదే. మంచి ఫెనోమెన్ కూజా యొకటి మావారి జీతమునకు లొంగునది గాదు.

ఇక నా తప్పును జెప్పుదును. దీనిని జెప్పుటకే యీ వ్యాసమును మొదలిడితిని.

మేము వచ్చిన మూడవయేట కార్తికమాసమున, మావారు నాకు చలికోటు కొనుక్కొమ్మని తొమ్మిదివేల కొరునా లిచ్చిరి. ఈదేశపు చలి మన పౌషమాసపు చలివంటిది కాదు. నీరు గడ్డకట్టు హద్దునకు పదిడిగ్రీలు దిగువకు బోవు దినములు గలవు. నేను కోటుకొఱకు బయలుదేరి, త్రోవలో నొక సందులోని పాతవస్తువుల యంగడి గాజుతలుపు వెనుక నొక కూజాను జూచితిని. బంగారపు నేలపై నీలపు చుక్కలు, సీతాకోకచిలుక రెక్కమీది పొడివలె. అంగడివాడు దానిని తలక్రిందుగా ద్రిప్పి యడుగున నున్న యక్షరములను జూపెను. లోట్స్ ఆస్ట్రియా యని సన్నని గీతలతో జెక్కియుండెను. వెల యడిగితిని. సరిగా తొమ్మిదివేలు.

సోదరులారా, దైవమే యిట్లు కూర్చెనని యప్పుడు తలచితిని. మనకు కావలసిన దానిని దైవము మీదికి ద్రోయుట మనకెంత సులభము!

ఇంటికి వచ్చినపిదప మావారు కూజాను చూచి సంతోషించి, ఎంతకు గొంటివని యడిగిరి. తొమ్మిదివందల కని చెప్పితిని. ఒక్క సున్నను మాత్రమే మ్రింగితిని. గణితోపాధ్యాయుని భార్యకు సున్నవిలువ తెలియదా? మరి కోటేదని యడిగిరి. నచ్చినది దొరకలేదంటిని. ఒక్క యబద్ధమునకు తోడుగా రెండవది రాక తప్పదు. కోటుకై యిచ్చిన సొమ్ము పెట్టెలోనే యున్నదని మూడవదియును జెప్పితిని.

ఆ చలికాల మంతయు పాతకోటులోపల రెండు శాలువలు కప్పుకొని తిరిగితిని. నాకు చలి యంతగా దెలియదని చెప్పుచుంటిని. ఇంటికెవరు వచ్చినను మావారు కూజాను చేతబట్టి, తొమ్మిదివందలకే దీనిని బట్టినది మా యామె, ఆమె కన్ను అట్టిదని మురిసి చెప్పుచుండిరి. ఆయన చెప్పినపుడెల్ల నేను వంటయింటిలోని కేదో పనిమీద బోవుచుంటిని. ఎంతో యాసతో కొన్న వస్తువును నాలుగుమాసములు కన్నెత్తి చూడలేకపోతిని.

ఆ దినములలోనే గ్రంథాలయమున లోట్స్ గాజునుగూర్చి 1989లో వెలువడిన రెండు సంపుటముల పుస్తకము నాకు దొరికెను. అది జర్మనుభాషలోనిది. నాకు జర్మను రాదు. కాని రెండవ సంపుటమున నున్నవి యక్షరములకంటె బొమ్మలే యెక్కువ. కర్మాగారమువారు కూజాల యాకారములను కాగితముల మీద గీసి, ఒక్కొక్కదానికి సంఖ్య వేసి దాచుకొనిరి. ఆ పత్రములు నిలిచియుండుటచే, ఏ యాకారము లోట్స్ వారిదో నేడు పోల్చిచూడ వీలగుచున్నది. నేను మూడుదినములు పుటలు ద్రిప్పితిని. నా కూజా యాకార మెందును గానరాలేదు.

గుండె ఝల్లుమనెను. మా యమ్మాయి భూతద్దమును దెచ్చి కూజా యడుగును జూచితిని. నూరేండ్లకు బైగా బల్లలమీదను, కిటికీగట్లమీదను జరుపబడిన వస్తువు నడుగున సన్నని గీరలు లెక్కలేనన్ని పడియుండును. అక్షరములు కర్మాగారముననే చెక్కబడినవైనచో, ఆ గీర లక్షరములమీదుగా బోవలెను. నా కూజా యందు గీరలు ముందు పడినవి. అక్షరపు గాడి వానిని నడుమకు గోసికొని పోవుచున్నది. గాడి యంచులు తెల్లగా, పదునుగా నుండెను. కూజా పాతదే. పేరు మాత్రము క్రొత్తది.

ఆ యాదివారము దానిని గుడ్డలో జుట్టి, నాకు మొదటి కూజా నమ్మిన ముసలామె కడకు గొనిపోతిని. ఆమె అంచును వ్రేలితో తడవి, అడుగును జూచి, తల యాడించెను. మంచి గాజే గాని లోట్స్ కాదనియు, లెనోరా యను నూరి క్రాలిక్ వారిది కావచ్చుననియు, ఆ సంతకము లేకున్న మూడవవంతు వెలయైన చేయదనియు జెప్పెను. షుమవ కొండలలో లోట్స్ వారికి ఇరుగుపొరుగున క్రాలిక్ వారును, ఉత్తరమున టెప్లిట్సె ప్రాంతమున పాల్మె-కోనిగ్, రిండ్స్‌కోప్ఫ్ మొదలగువారును ఇట్టి మెరుపుగాజునే చేసిరట. చాలకాలము అమ్మువారు వీరందరి పనిని లోట్స్ పేరనే యమ్ముచుండిరట. ఇదియు నాకు దెలియక పోయెనే యని సిగ్గుపడితిని. అంగడికి మరల బోయి యడుగుటకు నాకు నోరు రాలేదు. చీటి లేదు, సాక్షి లేడు.

ఫాల్గుణమాసమున నసలు పరీక్ష వచ్చెను. మావారి బడిలో చిత్రలేఖనము నేర్పు నుపాధ్యాయురా లొకామె యుద్యోగము విరమింపనుండెను. ఒకరాత్రి భోజనమునొద్ద మావారు, "ఆమెకు మన మేమైన నియ్యవలెను. మన కూజా యన్న ఆమెకు ప్రాణము. తొమ్మిదివందలదే గదా, దానినే యిత్తము. నీవు మరియొకదానిని పట్టెదవులే" అనిరి.

నేను సరేనంటిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇచ్చివేసినచో నా యబద్ధమును, దొంగసంతకమును రెండును ఇల్లు వెడలిపోవును. మావారి కెన్నటికిని దెలియదు. ఎంత సులభము! కాని తెల్లవారుజామున నాకొక తలపు తోచెను. అంగడివాడు పాత కూజామీద లేని పేరును జెక్కి నాకమ్మెను. నేను కూజామీద లేని వెలను జెక్కి నా భర్తకు జెప్పితిని. ఇప్పుడు రెంటిని కలిపి, ఒక నిర్దోషియైన స్త్రీ చేతిలో బెట్టనున్నాను. ఆమె దానిని లోట్స్ కూజా యనియే తలచి, తన మనుమలకు జెప్పి, వారిని గూడ మోసపుచ్చును. ఇక నాకును అంగడివానికిని భేదమేమి? కాచమును మణి యని చెప్పువాడే తాతగారి శ్లోకములోని దుర్జనుడు. కాచమునం దేదోషమును లేదు.

ఉదయమున కాఫీ యిచ్చి, ఎదుట గూర్చుండి, ఉన్నదున్నట్లు చెప్పితిని. తొమ్మిదివేలనియు, కోటుసొమ్మనియు, సంతకము దొంగదనియు. మావారు కోపించుదురని యెదురుచూచితిని. కోపింపలేదు. లేచిపోయి, కొయ్యకు వ్రేలాడుచున్న నా పాతకోటు చేతిని బట్టుకొని కొంతసేపు నిలిచిరి. "నీవు చలిలో దిరుగుచుండగా, నేను నలుగురిలో నవ్వుచు ఆ వెల చెప్పుకొంటిని గదా" అని మాత్రమనిరి. తరువాత మూడుదినములు ముక్తసరిగా మాటలాడిరి. ఆ మూడుదినములును నేను మరచునవి కావు. తిట్టినచో నాకు భారము తగ్గెడిది.

నాలుగవదినమున నొక నోటుపుస్తకమును నా యెదుట బెట్టిరి. గీతలు స్వయముగా గీసిరి. తేది, వస్తువు, ఎవరికడ గొన్నది, వెల, లోపములు, చేసినవా రెవరు, ఎట్లు తెలిసినది అని యేడు గడులు. "ఏడవగడి కాళీగా నున్నచో ఆరవగడియును కాళీగానే యుంచుము" అనిరి. ఏ గురువును నాకింతకంటె మంచి పాఠము చెప్పలేదు.

ఆ యుపాధ్యాయురాలిని భోజనమునకు బిలిచితిమి. పులిహోర తిని, గారెలు తిని, ఆమె మరల కూజాను చేతబట్టినది. నేను వచ్చీరాని చెక్ మాటలతో అంతయు జెప్పి, అందుచే దీనిని మీకియ్యక వేరొక వస్తువు నిత్తుమని ముగించితిని. ఆమె పకపక నవ్వి, తన మాతామహి కిటికీలో నిట్టి కూజాయే యుండెడిదనియు, ఈస్టరు పండుగకు అందులో విల్లో చెట్టు మొగ్గకొమ్మలను బెట్టుచుండెడిదనియు, దానియడుగున నేమి వ్రాసియున్నదో యెవ్వరును త్రిప్పి చూచి యుండలేదనియు జెప్పెను. "సంతకము మీరుంచుకొనుడు, కూజా నాకిండు" అనెను. ఇచ్చితిమి. సంతకము దొంగదని నా చేతితో నొక చీటి వ్రాసి కూజాలో వేసి యిచ్చితిని.

వేసవిసెలవులలో మావారు మమ్ము షుమవ కొండలకు దీసికొనిపోయిరి. సుషిత్సె యను చిన్నపట్టణమందలి మ్యూజియమున లోట్స్ గాజును జూచితిమి. అచటనుండి ఓతవ నది వెంట పైకి బోయినచో రెయిష్టెయిన్ అను నూరును, దాని చెంత క్లాష్టెర్స్కీ మ్లీన్ అను చోటును వచ్చును. ఆ పేరునకు మఠపు తిరుగలి యని యర్థము. జర్మనులో క్లోస్టర్‌మ్యూలె యనెడివారు. లోట్స్ కర్మాగార మచటనే యుండెడిది. కొండలనిండ నడవి, కొలిమికి కట్టెలు. క్రింద నేరు. గాజుపని యచట నేల పుట్టెనో చూడగనే తెలియును.

అచట తెలిసికొన్న యొక సంగతిని మీకు జెప్పక యుండలేను. ఆ కర్మాగారపు పూర్తిపేరు యోహాన్ లోట్స్ విట్వె. విట్వె యనగా విధవ. యోహాన్ లోట్సుగారి విధవ యని దాని యర్థము! కర్మాగారము 1836లో వేరొకరిచే స్థాపింపబడినది. 1851లో దానిని కొన్నవారు సుసన్నా యను నామెయును, ఆమె రెండవ భర్తయైన న్యాయవాది గెర్స్ట్‌నరుగారును. మొదటి భర్తయైన లోట్సు అంతకుమునుపే చనిపోయెను. 1855లో గెర్స్ట్‌నరుగారు తాను చనిపోవుటకు గొలదికాలము ముందు దానిని సుసన్నా పేర వ్రాసియిచ్చెను. ఇరువదియేండ్లకు బైగా నామె యొక్కతెయే కొలుములను, పనివాండ్రను, బేరములను నడపి దానిని వృద్ధి చేసెను. 1879లో తన కూతురు కరోలినా కుమారుడైన మాక్స్ ఫన్ స్పౌనున కప్పగించెను. ఈ దౌహిత్రుడే ప్రొఖాస్కా యను నేర్పరిని దోడు చేసికొని మెరుపుగాజును పారిస్ బహుమానమువరకు గొనిపోయినవాడు.

చూచితిరా! లోకమున నింత వెలగల పేరు, ఆ కర్మాగారమున కెన్నడును యజమాని కానివాని పేరు. నడపిన యామె పేరు కూజా యడుగున లేదు. ఆమె యుండుట మాత్రము "విధవ" యను నొక్కమాటలో నిలిచినది. మన యిండ్లలో తిట్టుగా వాడు నామాట, అచట నొక కర్మాగారపు పేరున గౌరవముగా నిలిచి, పారిస్ వరకు బోయి వచ్చెను. 1903 మొదలు మరీ కిర్ష్నర్ అను ప్రాగు చిత్రకారిణి యేండ్లకొలది యా కర్మాగారమునకు కూజాల రూపములను కల్పించి యిచ్చినదని గూడ నేను తరువాత చదివితిని. నన్నును ఇక్కడివారు మాస్టరుగారి భార్య యనియే యెఱుగుదురు. నాకందులో చిన్నతనము లేదు. కాని నా నోటుపుస్తకపు మొదటిపుటపై నా పేరే వ్రాసికొంటిని.

ఆ కర్మాగారము 1911లో నొకమారును, 1939లో నొకమారును దివాలా తీసి, నడుమ 1930లో పెద్ద యగ్నిప్రమాదమునకు లోనై, 1947లో మూతపడెను. లెక్కలేని కూజాలు లోకమంతట మిగిలినవి. వానిలో చాలవాటిపై ఏ సంతకమును లేదు. సంతకమున్న వానిలో ఎన్నో దొంగవి.

నేడు నా బీరువాలో పదునొకండు కూజాలు గలవు. ఒక్కదానిపైనను పేరు లేదు. నోటుపుస్తకమున ఆరింటికి ఆరవగడి కాళీగానే యున్నది. ఇట్టి గాజునందు మీలో నెవరికైన నాసక్తి కలిగినచో నా యనుభవమున దెలిసిన కొన్నిమాటలు చెప్పుదును. ముందు చూపుతోను, చేతితోను వస్తువును పరీక్షింపుడు, అడుగును చివర త్రిప్పుడు. అంచును వ్రేలితో తడవుడు. కొలిమివేడికి గుండ్రపడిన యంచు నునుపుగా నుండును. పెచ్చు లేచినదానిని అరగదీసిన యంచు చదునై, వ్రేలికి పట్టినట్లుండును. అడుగున రంధ్రమున్న కూజాను దీపపుస్తంభముగా వాడిరని తెలియుడు. మెరుపుపొర మిక్కిలి పలుచనిది గనుక బూడిదతోను, పీచుతోను తోమరాదు. గోరువెచ్చని నీటితో చేత కడిగి మెత్తని గుడ్డతో నద్దవలెను. పూలనీటిని దినములకొలది నిలువయుంచిన లోపల తెల్లనిచార గట్టును, అది సులభముగా పోదు. వీనియన్నిటికంటె ముఖ్యము, వెలను ఇంటనున్నవారికి దాచవలసిన వస్తువును కొనకుడు. దాచి కొన్న వస్తువును మీరు చూడలేరు.

మా యత్తగారు దేశమునుండి ఫోనులో మాటలాడునపుడు, పగులు వస్తువులకు సొమ్మేల యని యిప్పటికిని మందలించుచుందురు. ఆమె మాటయు నిజమే. కాని యీ సంగతిని గూడ ఆమెకు జెప్పితిని. మొదటి ప్రపంచయుద్ధమునకు మునుపు మన దేశపు బజారులకు ఓడలమీద వచ్చిన గాజులును పూసలును పెక్కులు ఈ బొహీమియాలోనివే. ఉత్తరపు కొండలలోని యాబ్లొనెత్స్ ప్రాంతమున కుటుంబములు కుటుంబములుగా ఆ పనిలో నుండెడివారు. మన ముత్తవ్వలు పెండ్లిపీటలమీద తొడుగుకొన్న గాజులలో నీ కొండలలో కాగినవియు నుండవచ్చును. వానిపై నెవరి సంతకమును లేదు. ఇది విని మా యత్తగారు కొంతసేపూరకుండి, "అట్లయిన ఈసారి వచ్చునపుడు నాకొక చిన్నకూజా తెమ్ము, దేవునిగదిలో పూలు పెట్టుకొందును" అనిరి.

మొదటియాదివారమున నాలుగువందలకు కొన్నదానిని గుడ్డలో జుట్టి పెట్టెలో నుంచితిని. వెల యెంతయో చీటి వ్రాసి లోపల వేసితిని.